కారు పని చేసేక చేతుల నలుపు పోవట్లేదు, పెట్రోలు తప్ప ఇంకేం వాడతారు?

సెల్లార్ మెకానిక్:

అందరికీ నమస్కారమండి. మాది మర్రిపాలెం. పాత వ్యాగనార్ ఒకటుంది, ఆదివారం వచ్చిందంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దాని కింద దూరడం నాకో సరదా. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్‌లు, బ్యాటరీ ఇలాంటివి సొంతంగా చేసుకుంటాను, అంతకు మించితే ఆటోనగర్‌కి తోలుకుపోతాను. కారు పని బానే అలవాటైంది గానీ చేతుల సంగతే తేలట్లేదు. గోళ్ళ సందుల్లో, వేళ్ళ కణుపుల మీద గీతల్లో నలుపు అలా ఉండిపోతోంది, సబ్బుతో ఎంత తోమినా పైపైనే పోతోంది, దాంతో గుడ్డకి కాస్త పెట్రోలు అద్ది తుడుస్తున్నా. నలుపు కొంత పోతుంది నిజమే, కానీ తరవాత చర్మం తెల్లగా పొడిబారిపోయి చీలికలొస్తున్నాయి, సోమవారం పొద్దున్న ఆఫీసులో వేలిముద్ర మిషన్ నా బొటనవేలు తీసుకోదు, వెనకాల లైన్లో వాళ్ళ గొణుగుడు. పైగా ఎంత కడిగినా వాసన పోదండీ, ఆ చేత్తో ముద్దపప్పు కలుపుకుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, మా ఆవిడైతే స్పూన్ తెచ్చి కంచంలో పడేసింది, ఆవకాయన్నం స్పూన్‌తో తినే గతి పట్టింది.

గ్లౌజులు వేసుకోమంటారని తెలుసు. మందుల షాపులో తెల్ల రబ్బరువి కొన్నాను, ఆయిల్ తగిలితే చాలు సాగిపోయి వదులైపోయి చిరిగిపోతున్నాయి, ఇంక మన వైజాగ్ ఉక్కలో లోపల చెయ్యి నానిపోయి ముడతలు పడిపోతోంది. పోనీ నూలు గ్లౌజులు చూద్దామంటే అవి ఆయిల్ పీల్చుకుని అంతా చేతికే రాస్తున్నాయి. మీరంతా ఏం చేస్తారో కాస్త చెప్పండి, ఖరీదైన క్రీములు వద్దు, ఇంట్లో ఉండేవో ఇక్కడ షాపుల్లో దొరికేవో అయితే బెటర్.

ఇంకో చిన్న డౌట్, నవ్వకండి. కుడిచేతికి పగడం ఉంగరం ఉంది, తియ్యొద్దని పంతులుగారు చెప్పేరు. పని చేసేటప్పుడు ఉంచుకోవచ్చా?


గాజువాక గ్యారేజీ:

బాబూ ముందు ఆ పెట్రోలు వొగ్గీండి. మా షెడ్డులోకి కొత్తగా పనికొచ్చిన కుర్రాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఇదే, పానా పట్టుకోడం తరవాత నేర్పుతాను. ఏటవుద్దంటే, పెట్రోలు గ్రీజుని కరిగించిద్ది కరెక్టే, దాంతోపాటు మన చర్మంలో ఉన్న నూనె కూడా లాగీసుద్ది. చర్మం ఎండిపోయి సన్న సన్న పగుళ్ళు వొచ్చీసాయంటే వచ్చే వారం నలుపు ఆ పగుళ్ళలోకే దిగిపోద్ది, అప్పుడు ఇంకా ఎక్కువ పెట్రోలు కావాల, ఇంకా ఎక్కువ పగుళ్ళు. మీరు చెప్పిన వేలిముద్ర గోల కూడా దాని వల్లే. కిరసనాయిలూ అంతే, డీజిలూ అంతే, పెయింట్ థిన్నర్ గురించి అయితే అడగనే అడక్కండి.

నేను చేసేది చెప్తాను, ఇందులో గొప్ప రహస్యం ఏటీ లేదు. పని అయిపోగానే కుళాయి దగ్గరికి పరిగెత్తకూడదు. చేతికి నీళ్ళు తగిలితే జిడ్డు అలగే అంటుకుని ఉండిపోద్ది, సబ్బు కూడా సరిగ్గా పని చెయ్యదు. ముందు పొడి బనియన్ వేస్ట్‌తో గట్టిగా తుడిచీండి. ఆ గుడ్డ కొత్తది అయి ఉండాల, ఎప్పుడో బ్రేక్ డ్రమ్ము తుడిచిన గుడ్డలో ఇనప రజను ఉంటాది, అది చర్మాన్ని గీరీసుద్ది. తరవాత వంటనూనె, ఏదైనా పర్లేదు, పామాయిల్ అయినా సరే, ఓ చెంచాడు పోసుకుని రెండు చేతులూ నిమ్మళంగా రుద్దండి, గోళ్ళ చుట్టూరా, వేళ్ళ సందుల్లో. నూనెని నూనే కరిగించాల. నలుపంతా పైకి తేలి నల్లటి నూనె అయిపోద్ది, దాన్ని మళ్ళీ గుడ్డతో తుడిచీండి. అప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం, అందులో పంచదార కొంచెం, నీళ్ళు కలపకుండా రుద్దండి, ఆఖర్ని నీళ్ళు. పంచదార ఎందుకంటే గరుగ్గా ఉంటాది, నీళ్ళు పొయ్యగానే కరిగిపోద్ది, కాలవలో మేట వెయ్యదు. ఉప్పు వాడితే చెయ్యి ఎక్కడైనా తెగి ఉంటే చుక్కలు కనపడతాయి. మా పాత మేస్త్రీ అయితే రంపప్పొట్టు వాడీవాడు, వడ్రంగి షెడ్డు నుంచి బస్తా తెచ్చి మూల పెట్టీవాడు, అది కూడా బాగానే పనిచేసుద్ది, కాకపోతే పేళ్ళు లేకుండా జల్లించుకోవాల.

గోళ్ళకి ఇంకో చిట్కా. పని మొదలెట్టే ముందు తడి సబ్బుని గోళ్ళతో గీకండి, గోరు కింద సబ్బు నిండిపోద్ది, ఇంక అక్కడ గ్రీజు దూరడానికి చోటుండదు. అయిపోయేక కడిగితే సబ్బుతోపాటే మొత్తం వొచ్చీసుద్ది. కొబ్బరి పీచు ముక్క ఒకటి సింకు దగ్గర ఉంచండి, బట్టల బ్రష్షు వద్దు, మరీ మొరటు.

ముందుగానే చేతికి కొంచెం కొబ్బరినూనో వ్యాజిలీనో రాసుకుని పైపైన తుడిచీసుకుంటే కూడా నలుపు అంతగా పట్టదు. పైన మిగిలిన జిడ్డు మొత్తం తుడవాల సుమా, జిడ్డు చేత్తో పానా పట్టుకుంటే జారి మొహం మీద పడుద్ది.

ఉంగరం సంగతి ఎవరైనా చదువుకున్నవాళ్ళు చెప్తారు, నేనైతే నా షెడ్డులో తీయించీసాను అందరిచేతా.


కంచరపాలెం కుర్రోడు:

అన్నా నేను సర్ఫ్ పౌడర్ వేసుకుని రుద్దేస్తా, సూపర్‌గా పోద్ది 😀 కుంకుడుకాయ కూడా ట్రై చేసాను అమ్మమ్మ మాట విని, బానే పోయింది గానీ అరగంట కొట్టుకోవాలి నానబెట్టాలి, కార్ పని కంటే కుంకుడుకాయ పని ఎక్కువైంది.


షిఫ్ట్ జనరల్:

నేను ఇక్కడే ఒక ప్లాంట్‌లో సేఫ్టీ సైడ్ చేస్తాను, గ్లౌజుల గొడవ రోజూ ఉండేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు ఆ తెల్లవి ఎందుకు సాగిపోతున్నాయంటే అవి లేటెక్స్, అంటే అసలు రబ్బరు. రబ్బరుకీ పెట్రోలియం నూనెకీ పడదు, ఉబ్బిపోయి మెత్తబడిపోతుంది. మీకు కావాల్సింది నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు. ఎక్కువగా నీలం రంగువి, నల్లవి కూడా ఉంటాయి, రంగు చూసి కొనెయ్యకండి, డబ్బా మీద నైట్రైల్ అని ఉందో లేదో చదవండి. ఆయిల్, గ్రీజు దానికి పెద్ద లెక్కలోకి రావు. రెండో విషయం మందం. దాన్ని మిల్‌లలో చెప్తారు, ఒక మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.025. హాస్పిటల్ రకం 4 మిల్ అటూ ఇటూ ఉంటాయి, నట్టు అంచుకి తగిలితే అయిపోయినట్టే. మెకానిక్ పనికి 6 నుంచి 8 మిల్ ఉన్నవి చూడండి, వేళ్ళ దగ్గర గరుగ్గా ఉన్నవైతే నూనెలో కూడా పట్టు దొరుకుతుంది. గాజువాక వైపు సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో అడిగితే ఉంటాయి, ఆన్‌లైన్లో అయితే సరే సరి.

అలాగని నైట్రైల్ వేసుకున్నాం కదా అని దాంతో పెట్రోల్లో చెయ్యి పెట్టి కూర్చోకూడదు. పల్చటి గ్లౌజులోంచి పెట్రోలు కాసేపటికి లోపలికి వచ్చేస్తుంది, కంటికి కనపడదు, చల్లగా తగిలేదాకా తెలీదు. థిన్నర్ అయితే ఇంకా తొందరగా, అసిటోన్‌కి నైట్రైల్ అసలు ఆగదు. తడిసిందంటే విప్పి పారేసి కొత్తది వేసుకోవడమే, ఆరబెట్టుకుని మళ్ళీ వాడటాలు వద్దు. విప్పేటప్పుడు మణికట్టు దగ్గర పట్టుకుని లోపలిది బయటికి వచ్చేట్టు తిప్పండి, లేకపోతే ఇంతసేపూ కాపాడుకున్న చేతికి చివర్లో మనమే రాసుకున్నట్టు.

చెమట విషయం. మన ఊళ్ళో మే నెలలో చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కున్నట్టే ఉంటుంది, దానికి ఎవరూ ఏం చెయ్యలేరు. లోపల పల్చటి నూలు లైనర్ గ్లౌజు వేసి పైన ఒక సైజు పెద్ద నైట్రైల్ వేసుకుంటే చెమట నూలు పీల్చుకుంటుంది. అదీ కుదరకపోతే ఇరవై నిమిషాలకోసారి విప్పి చెయ్యి తుడుచుకుని వేరే జత వేసుకోండి. నానిన చర్మం కూడా ఎండిన చర్మం లాంటిదే, దేన్నయినా లోపలికి రానిస్తుంది.

ఇంత హడావుడి ఎందుకంటారేమో. కొత్త ఇంజిన్ ఆయిల్ చేతికి అంటితే పెద్దగా కంగారు లేదు. డ్రెయిన్ బోల్ట్ తియ్యగానే నల్లగా కారేది వేరే సరుకు. ఇంజిన్‌లో కాలి కాలి దాంట్లో మసితోపాటు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే రసాయనాలు పోగవుతాయి. చిట్టెలుకల చర్మం మీద వాడిన ఇంజిన్ ఆయిల్ చాలాకాలం రాస్తూ పోతే చర్మ కేన్సర్ వచ్చింది, అందుకే ఆయిల్ డబ్బాల మీద వెనకాల చిన్నక్షరాల్లో చర్మానికి ఎక్కువసేపు తగలనివ్వొద్దు అని రాస్తారు, మనం ఎవరం చదవం. ఇదేం కొత్త సంగతి కూడా కాదు, లండన్లో పొగగొట్టాలు శుభ్రం చేసే పిల్లలకి పెద్దయ్యాక వృషణాల చర్మానికి కేన్సర్ రావడానికి కారణం మసి అని పెర్సివాల్ పాట్ అనే సర్జన్ 1775 లోనే రాసాడు, ఆ మసిలో ఉన్నవీ ఇవే రకం పదార్థాలు. ఏడాదికి రెండు మూడుసార్లు ఆయిల్ మార్చుకునే మనకి భయపడేంత ప్రమాదం కాదు, కానీ గ్యారేజీ అన్నగారి షెడ్డులో కుర్రాళ్ళు రోజూ మోచేతుల దాకా అందులోనే ఉంటారు, వాళ్ళ గురించి ఆలోచించాలి. నల్లాయిల్‌తో తడిసిన గుడ్డ ప్యాంటు వెనక జేబులో దోపుకోడం కూడా మానాలి, రోజంతా అది చర్మానికి ఆనుకునే ఉంటుంది, అందరూ చేసే పని ఇది.

పెట్రోల్లో బెంజీన్ ఉంటుంది, బీఎస్ 6 పెట్రోల్లో ఒక శాతం మించకూడదని రూలు, అంటే ఉందనే కదా అర్థం, అది రక్త కేన్సర్‌కి కారణమని రుజువైన పదార్థం. చెయ్యి కడుక్కోడానికి వాడాల్సింది కాదు. పెట్రోల్ గుడ్డతో పనిచేస్తూ సెల్లార్‌లో ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే జరిగేది వేరే కథ.

ఉంగరం తీసెయ్యండి సార్. పంతులుగారు చెప్పింది కాదనట్లేదు, ఆ గంటసేపు దేవుడి గదిలో పెట్టండి. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద పానా ఉండి అదే టైములో ఉంగరం పానాకీ బాడీకీ మధ్య ఇరుక్కుంటే వందల ఆంపియర్లు ఆ ఉంగరంలోంచి పోతాయి. షాక్ కొట్టదు, 12 వోల్టులే, కానీ ఉంగరం క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, వేలు చుట్టూరా కాలుతుంది, ఊడి కూడా రాదు. కడియం, స్టీలు చైను వాచీ కూడా అంతే. అందుకే బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగటివ్.

బ్యాటరీ దగ్గర ఉన్నాం కాబట్టి, టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా పట్టే పొడిని ఒట్టి చేత్తో గీకొద్దు, అందులో సల్ఫ్యూరిక్ యాసిడ్ అంశ ఉంటుంది. వంటసోడా నీళ్ళు పోస్తే నురగొచ్చి పోతుంది, పాత టూత్‌బ్రష్షుతో తోమండి. అదే యాసిడ్ చేతి మీద పడితే మాత్రం సోడా వెతుక్కోవద్దు, కుళాయి కింద పెట్టి పావుగంట ధారగా నీళ్ళు పోనివ్వండి.

బ్రేక్ ఫ్లూయిడ్, డాట్ 3 అయినా డాట్ 4 అయినా, నీళ్ళల్లో కలిసిపోయే రకం, సబ్బు నీళ్ళతోనే పోతుంది. ఆ చెయ్యి కారు బాడీకి ఆన్చకండి, పెయింట్ లేపేస్తుంది. కూలెంట్ కూడా నీళ్ళతో పోతుంది, తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు, కుక్కలు నాకే అవకాశం ఉంది, విషం అది, గిన్నెలో వదిలి పైకి వెళ్ళొద్దు.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది. గ్లౌజు విప్పాల్సిన చోట విప్పాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బెల్ట్ దగ్గర, రేడియేటర్ ఫ్యాన్ దగ్గర, డ్రిల్ మిషన్ పట్టుకున్నప్పుడు, బెంచ్ గ్రైండర్ దగ్గర గుడ్డ గ్లౌజులు, తోలు గ్లౌజులు వేసుకుని ఉంటే కొస చుట్టుకుని వేలు లోపలికి లాగేస్తుంది, ఒట్టి చెయ్యైతే గీసుకుపోయి వదిలేదేమో, గ్లౌజు వదలదు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపేసేక కూడా వేడికి ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, ఆగిపోయింది కదా అని వేళ్ళు పెట్టకండి.


గాజువాక గ్యారేజీ:

సార్ బాగా చెప్పేరు, కుర్రాళ్ళకి చదివి వినిపించేను. కాకపోతే ఒక మాట ఒప్పుకోను. గ్లౌజు వేసుకుంటే చేతికి తెలీదు సార్. నట్టు మర సరిగ్గా ఎక్కిందా అడ్డంగా ఎక్కిందా అన్నది వేలి కొసకి తెలియాల, ప్లగ్గు చేత్తో తిప్పి మొదలెట్టీటప్పుడు నేను విప్పీసే చేస్తాను, అల్యూమినియం హెడ్‌లో మర పోయిందంటే ప్లగ్గు ఖరీదుతో తేలదు. కార్బ్యురేటర్ పనీ అంతే, ఇప్పుడెవరు చేయిస్తున్నారులెండి. మా కుర్రాళ్ళకి నల్లాయిల్ తీసీటప్పుడూ బ్రేకుల దగ్గరా నీలం గ్లౌజులు పెట్టించేను, డబ్బా అయిపోతే నాకు చెప్పమన్నాను, వాళ్ళు అయిపోయినా చెప్పరు, అదో బాధ.


షిఫ్ట్ జనరల్:

ప్లగ్గు దగ్గర మీరన్నది కరెక్టే, వాదించను. ఆ పని ఎలాగూ చల్లారిన ఇంజిన్ మీద, పొడి చేత్తో చేసేదే.


స్టాఫ్ సిస్టర్:

నేను నర్సుని, మా వారికి బైక్ పిచ్చి, కాబట్టి రెండు వైపులా చూస్తున్నా 🙂

సర్ఫ్ తమ్ముడూ, బట్టల పౌడర్ బాగా క్షారం, బక్కెట్లో కలిపితే పల్చబడుతుంది గానీ చేతి మీద పొడిగా పోసుకుని రుద్దితే చర్మం ఓర్చుకోదు. ఇప్పుడు కుర్ర చర్మం కాబట్టి తెలీట్లేదు. బ్లీచింగ్ కూడా ఎవరో వాడతారట, దయచేసి వద్దు.

ప్రశ్న అడిగిన సార్‌కి, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే చర్మంలో నూనె మొత్తం పోయినట్టుంది, చాలామందికి పెట్రోలు మానేసి సరిగ్గా చూసుకుంటే మెల్లగా సర్దుకుంటుంది. చెయ్యి కడుక్కున్నాక తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో వ్యాజిలీనో రాయండి, పొడి చర్మం మీద రాస్తే పైనే జారుతుంది, కొంచెం తడి ఉండగా రాస్తే ఆ తడిని లోపలే ఆపుతుంది. రాత్రి పడుకునే ముందు కాస్త ఎక్కువ రాసుకుని పాత నూలు గ్లౌజులు తొడుక్కుని పడుకోండి, మీకు నచ్చని ఆ నూలు గ్లౌజులే. వేడినీళ్ళతో కడక్కండి, గోరువెచ్చగా చాలు. నిమ్మకాయ రుద్దితే తెల్లబడుతుందని ఎవరో ఒకరు చెప్తారు, పగిలిన చర్మం మీద నిమ్మరసం పొయ్యొద్దు. బజార్లో కమలాపండు వాసనతో వచ్చే హ్యాండ్ క్లీనర్లు పర్లేదు గానీ కొందరికి వాటితోనే ఎలర్జీ వస్తుంది, ముందు మణికట్టు మీద చిన్న చోట రాసి చూసుకోండి.

దురద, ఎర్రగా కందడం, చిన్న చిన్న నీటి పొక్కులు, ఇవి వేళ్ళ సందుల్లో మొదలై తగ్గకుండా ఉంటే అది కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఏదో పదార్థం తగిలి చర్మం కందిపోవడం, కావచ్చు. ఒక్కోసారి గ్లౌజు తయారీలో వాడే రసాయనాలకే వస్తుంది, నైట్రైల్ వేసుకున్నా రావచ్చు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు కొనుక్కుని రాయడం మనవాళ్ళకి మహా అలవాటు, అలా చెయ్యకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) స్కిన్ ఓపీకి వెళ్ళండి, ఏం వాడుతున్నారో ఆ డబ్బాల ఫోటోలు ఫోన్లో తీసుకెళ్తే డాక్టరుకి సులువు.

తెగిన చోట గ్రీజు ఉంటే బ్యాండేజీ వేసేసి పని కొనసాగించొద్దు. సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి అప్పుడు వెయ్యండి, పైన గ్లౌజు తొడగండి. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో ఎవరికీ గుర్తుండదు, మురికి గాయమై ఐదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ వెయ్యాలి, గుర్తు లేకపోయినా వెళ్ళి డాక్టర్ని అడగడమే. తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందనుకుంటారు, నిజానికి మట్టిలో ఉండే బ్యాక్టీరియా వల్ల, కారు కింద మట్టికి కొదవా.

ఇంకొక్కటి, మీది పెట్రోల్ బండి గానీ డీజిల్ కారు ఉన్నవాళ్ళ కోసం. కొత్త డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్లకి డీజిల్ పంపే కామన్ రైల్ పైపులో ప్రెషర్ వెయ్యి బార్ పైనే ఉంటుందట, టైర్లో ఉండేది రెండు బార్ చిల్లర. ఆ పైపు ఎక్కడ లీకవుతోందో అని ఇంజిన్ నడుస్తుండగా చేత్తో తడమకూడదు. సన్నటి ధార గ్లౌజునీ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత చుక్కే కనపడుతుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, ఏం కాలేదులే అని ఇంటికెళ్ళిపోతారు. లోపల డీజిల్ వేళ్ళ నరాల వెంబడి పాకి కండ చచ్చిపోతుంది, ఆలస్యం అయితే వేలు తీసెయ్యాల్సి రావచ్చు. గ్రీజు గన్నుతో కూడా ఇలా జరుగుతుంది. అలాంటిది జరిగితే అప్పటికప్పుడు సర్జన్ ఉన్న పెద్ద హాస్పిటల్‌కి వెళ్ళి, ప్రెషర్‌తో లోపలికి పోయింది అని గట్టిగా చెప్పాలి, లేకపోతే చిన్న గాయమే కదా అని కట్టు కట్టి పంపేసే ప్రమాదం ఉంది. లీకు చూడాలంటే అట్టముక్క పెట్టి చూడాలని మా వారు అంటారు.


సెల్లార్ మెకానిక్:

అమ్మో ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. వంటనూనె పంచదార ఇవాళే చేసి చూసాను, గీతల్లో నలుపు చాలావరకు పోయింది, మా ఆవిడ మాత్రం పంచదార డబ్బా ఎవరు ముట్టుకున్నారని అడుగుతోంది. ఉంగరం దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంకో రెండు అడగొచ్చా? సస్పెన్షన్ కింద బోల్ట్‌లు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి, పానా జారి వేళ్ళ కణుపులు ఛాసీకి గుద్దుకుని తోలు లేచిపోతోంది, నైట్రైల్ దీనికేం అడ్డం పడదు కదా. రెండోది, ట్యాపెట్ కవర్ దగ్గర వాడే సిలికాన్ గాస్కెట్ పేస్టు చేతికి అంటితే ఏం చేసినా రావట్లేదు.


గాజువాక గ్యారేజీ:

తుప్పు మన ఊళ్ళో ఉన్నదే బాబూ, సముద్రం గాలి. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట పెట్టీ బళ్ళయితే అడుగు చూస్తే ఏడుపొస్తాది. ముందురోజు రాత్రే డబ్ల్యూడీ ఫార్టీ గానీ అలాంటి తుప్పు వదిలించీ స్ప్రే గానీ కొట్టి వొగ్గీండి, పొద్దున్న వైర్ బ్రష్షుతో మర మీద మట్టి దులిపి ఇంకోసారి కొట్టండి. ఓపెన్ పానా పెట్టొద్దు, రింగు పానా లేపోతే బాక్సు, అది కూడా ఆరు మూలలది, పన్నెండు మూలలది తుప్పు బోల్ట్ మీద జారిపోద్ది. పానాని ఎప్పుడూ మీ వైపుకి లాగండి, తొయ్యకండి, లాగితే జారినా చెయ్యి ఖాళీలోకి వస్తాది. చోటు లేక తొయ్యాల్సి వస్తే పిడికిలి బిగించి పట్టుకోకుండా అరచెయ్యి తెరిచి మణికట్టు దగ్గరి అరచేతి అడుగుతో తొయ్యండి, కణుపులు బతుకుతాయి. పిడి పొడుగుంటే బలం తక్కువ చాలు, చిన్న పానాకి పైపు తొడిగి లాగీ అలవాటు ఉంటే మానీండి, పైపు ఊడి పడ్డం నేను చాలా చూసేను.

చేతికైతే అరచేతి వైపు తోలు, వెనక రబ్బరు పట్టీలు ఉన్న మెకానిక్ గ్లౌజులు దొరుకుతాయి. కొందరు లోపల నైట్రైల్ వేసి పైన అవి వేసుకుంటారు, ఎండల్లో నా వల్ల కాదు.


షిఫ్ట్ జనరల్:

అల్లిక గ్లౌజు మీద అరచేతికి మాత్రమే నైట్రైల్ పూత ఉన్నవి కూడా చూడండి, వెనక గాలి ఆడుతుంది, తుప్పు పనికీ రేకు అంచులకీ బాగుంటాయి, చవక కూడా. ఆయిల్ పనికి మాత్రం అవి వద్దు, వెనకవైపు అల్లిక పీల్చేస్తుంది.

సిలికాన్‌కి, పచ్చిగా ఉండగా నీళ్ళు తగలనివ్వకుండా పొడి గుడ్డతో, టిష్యూతో తుడిచేయాలి, గాలిలో తేమకే అది గట్టిపడేది. ఆరిపోయాక ఏ ద్రావకంతోనూ కుస్తీ పట్టకండి, నూనె రాసి బొటనవేలితో రుద్దితే ఉండలు ఉండలుగా లేస్తుంది, మిగిలింది రెండు మూడు రోజుల్లో చర్మం పై పొరతోపాటు దానంతటదే పోతుంది. ఆ పేస్టు పూసే ఐదు నిమిషాలు మాత్రం పల్చటి గ్లౌజు వేసుకోండి, దానికి మీ దగ్గర మిగిలిపోయిన తెల్లవి చాలు.


కంచరపాలెం కుర్రోడు:

అన్నా తీసిన నల్లాయిల్ ఏం చేస్తున్నావ్? మా పక్కింటాయన గేటు బందులకి రాస్తాడు, మిగిలింది చెదలకి అని గుమ్మం చుట్టూ పోస్తాడు.


గాజువాక గ్యారేజీ:

గుమ్మం దగ్గర పొయ్యొద్దని చెప్పు, చెప్పులేసుకోకుండా పిల్లలు తిరిగీ చోటు అది. ఆయిల్ కొన్న డబ్బాలోనే మళ్ళీ పోసి మూత బిగించి ఏదైనా సర్వీసు షెడ్డులో ఇచ్చీమను, మేం డ్రమ్ముల్లో పోగేసి లైసెన్సు ఉన్నవాళ్ళకి ఇస్తాం. కాలవలో పొయ్యొద్దు. డబ్బాలో పోసీటప్పుడు గరాటు పెట్టుకోమను, చెయ్యి పాడవకుండా.